ఎనిమిదో నంబరు నాది కాదని తెలిసిన రోజు

చాలా ఏళ్లుగా నా బూట్ల సైజు ఎనిమిది అనే నమ్ముతూ వచ్చాను. రోజూ గంటసేపు నడవడం మొదలుపెట్టిన మూడో వారంలో, ఎడమ కాలి చిటికెన వేలి పక్కన బొబ్బ లేచి, గోళ్లలో ఒకటి నల్లగా కమిలినప్పుడు కూడా, నడక ఎక్కువైందని అనుకున్నానే తప్ప సైజును అనుమానించలేదు. కొత్త చెప్పు కరిస్తే నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుందని పెద్దలు అనేవారు. తోలు విషయంలో అది చాలావరకు నిజమే. కానీ నా బూట్ల పైభాగం సింథటిక్ జాలీ గుడ్డ, దాని అంచుల్లో అతికించిన పట్టీలు. నెల గడిచినా అవి సాగలేదు.

ఒక సాయంత్రం, పాదాలు పగటి తిరుగుడుకు కాస్త ఉబ్బి ఉన్న సమయంలో, గోడకు ఆనించి పరిచిన కాగితం మీద మడమ గోడకు తగిలేలా నిలబడి, పెన్సిలును నిటారుగా పట్టించి గీత గీయించుకున్నాను. ఎడమ పాదం 27.1 సెంటీమీటర్లు, కుడి పాదం 26.7 వచ్చాయి. బ్రిటిష్ సైజుల్లో ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు కాబట్టి, నా రెండు పాదాల మధ్యే దాదాపు అర నంబరు తేడా ఉందన్నమాట. పైగా నాకు బొటనవేలి కంటే దాని పక్క వేలే పొడవు. కమిలిన గోరు కూడా దానిదే. నేను మాత్రం ఇన్నాళ్లూ బొటనవేలి దగ్గరే నొక్కి చూసి, చోటు ఉందని తృప్తిపడేవాణ్ణి.

పాత బూటులోని అట్టను బయటికి తీసి దానిమీద నిలబడి చూస్తే మిగతా సంగతి కూడా తేలిపోయింది. చిటికెన వేలు సగం అట్ట దాటి గాలిలో ఉంది. పొడవు పెంచితే ఇది తీరదు, వెడల్పు కావాలి. మగవారి బూట్లలో మామూలు వెడల్పును డి అనీ, అంతకంటే వెడల్పైన వాటిని 2ఈ, 4ఈ అనీ గుర్తిస్తారని అప్పటిదాకా నేను పట్టించుకోనే లేదు.

గంట నడకలో సుమారు ఆరు వేల అడుగులు పడతాయనుకుంటే ఒక్కో పాదాన్ని మూడు వేల సార్లు ఎత్తుతాం గనుక, బరువు తక్కువగా ఉండాలన్న పట్టుదల నాకు ముందునుంచీ ఉంది. ఆ పట్టుదలతోనే మొదట ఒక్కోటి 200 గ్రాములుండే జతలో కాలు పెట్టాను. అడుగు వేసినప్పుడల్లా మడమ పైకి జారుతుంటే, బూటు ఊడిపోకుండా వేళ్లతో నేలను పట్టుకుంటున్నట్టు నడవాల్సి వచ్చింది; పది నిమిషాలకే పిక్కలు లాగాయి. ఆ తర్వాత వేసుకున్న జత ఒక్కోటి 270 గ్రాములు, మడమ వెనక గట్టి దన్ను ఉన్నది. నడుస్తుంటే అదే తేలికగా అనిపించింది. చేతిలో పట్టుకుని తూచే బరువుకూ కాలికి తెలిసే బరువుకూ పొంతన లేదు.

ఆ జతనే తొమ్మిదో నంబరులో, 2ఈ వెడల్పులో తీసుకున్నాను. తీసుకునే ముందు, రోజూ వేసుకునే మేజోళ్లతోనే నిలబడి, పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత చోటు ఉందో లేదో చూశాను. బూటును రెండు చేతులా వంచితే వేళ్ల మొదట్లోనే వంగింది. అంతకుముందు చూసిన ఒక జత మధ్యలో అట్టపెట్టెలా మడతపడింది, దాన్ని వెంటనే పక్కన పెట్టేశాను. మొదటి రెండు రోజులు ఇంట్లోనే వేసుకుని తిరిగాను.

బొబ్బ మానింది. కమిలిన గోరు మాత్రం పూర్తిగా పెరిగి రావడానికి నెలలు పట్టింది. ఎడమ పాదానికి సరిపోయే సైజు తీసుకున్నందువల్ల కుడి బూటు కాస్త వదులు. చీలమండ దగ్గర ఖాళీగా వదిలేసే ఆఖరి రంధ్రంలోంచి కూడా లేసు దూర్చి, ఆ ఒక్క కాలికి మాత్రం ఇంకొంచెం బిగించి కట్టుకుంటున్నాను.