పంటు ఎక్కాలి, ట్రాక్ మీదా తిరగాలి: క్లచ్ ఎంపికలో నా అనుభవం

సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం వైపు వెళ్తూ, ఐదో గేరులో మూడు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిన రోజున, ఇంజనును గేర్‌బాక్సుకు కలిపే నా కారు క్లచ్ మొదటిసారి జారింది. ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా నాలుగు వేల దాకా ఎగబాకింది కాని కారు వేగం అంగుళం కూడా పెరగలేదు. ఆ వెనుకే మాడిన వాసన వచ్చింది.

కారు 2011 నాటి స్కోడా లారా వీఆర్‌ఎస్. అందులోని 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు 160 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చేది. పెద్ద టర్బో, పెద్ద ఇంటర్‌కూలర్ పెట్టించి, ఇంజనును నడిపించే కంప్యూటరు ఈసీయూకు ట్యూనింగ్ చేయించిన తరువాత, శక్తిని కొలిచే డైనో లెక్కలో అది 270 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్లకు చేరింది. పాత క్లచ్ అంత టార్క్ మోయలేకపోవడంలో దాని తప్పేమీ లేదు, తప్పు నాదే.

కొత్త క్లచ్ కోసం వెతకడం మొదలుపెట్టినప్పుడు నేను హార్స్‌పవర్ అంకెనే పట్టుకుని తిరిగాను. ఒక సాయంత్రం కాగితం మీద లెక్క వేసుకుంటే కాని అసలు విషయం బోధపడలేదు. మూడు వేల ఆర్‌పీఎం దగ్గర 400 న్యూటన్ మీటర్లంటే ఇంజను ఇస్తున్నది సుమారు 170 హార్స్‌పవర్ మాత్రమే. అదే ఆరు వేల దగ్గర 270 హార్స్‌పవర్ ఇస్తున్నప్పుడు టార్క్ 316 న్యూటన్ మీటర్లకు పడిపోతుంది. అందుకే నా పాత క్లచ్ ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర ఏ గొడవా లేకుండా పట్టుకుని, మధ్య ఆర్‌పీఎంలో జారిపోయింది. క్లచ్ మోసేది టార్క్‌ను. కనుక ఆర్‌పీఎం చెప్పకుండా ‘ఇన్ని వందల హార్స్‌పవర్ తట్టుకుంటుంది’ అని అమ్మేవాడు చెప్పే మాటకు అర్థం లేదు. ‘స్టేజ్ 2’, ‘స్టేజ్ 3’ అన్న పేర్లూ అంతే. ఒక కంపెనీ స్టేజికీ మరో కంపెనీ స్టేజికీ పొంతన ఉండదు.

క్లచ్ ఎంత టార్క్ పట్టుకోగలదన్నది నాలుగింటి మీద ఆధారపడుతుంది: క్లచ్ ప్లేటును ఫ్లైవీల్ (ఇంజను చివర తిరిగే బరువైన చక్రం) మీదికి ప్రెషర్ ప్లేటు నొక్కే బలం, రాపిడి పదార్థం పట్టు, ప్లేటు సగటు వ్యాసార్థం, రాపిడి జరిగే ముఖాల సంఖ్య. క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్‌లో ఉన్న చోటును బట్టి వ్యాసార్థం పెంచడానికి వీలు లేదు. ముఖాల సంఖ్య పెంచాలంటే రెండు ప్లేట్ల క్లచ్ వేయాలి. నా టార్క్‌కు అది అవసరానికి మించిన ఖర్చని ఆ దారి త్వరగానే వదిలేశాను. మిగిలినవి రెండు: బలమైన ప్రెషర్ ప్లేటు, లేదా ఎక్కువ పట్టున్న సిరామిక్ బొత్తాల ప్లేటు.

సిరామిక్ ప్లేటు వైపే మొదట మొగ్గాను. అది వేడికి బెదరదు, ధర తక్కువ, చూడటానికి రేసు కారు సామానులా ఉంటుంది. దాని ఫోటోను మా నరసాపురంలో ట్రాక్టర్లు బాగుచేసే బాబాయికి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, “ఇది మా ట్రాక్టరు ప్లేటే కదా బాబూ” అన్నారు. సార్వా దమ్ములు ముగిసేసరికి ఆయన షెడ్డు గోడకు ఇలాంటివి వరసగా ఆనించి ఉంటాయి. కేజీ వీల్సు తగిలించి బురదలో రోజంతా లాగే ట్రాక్టరుకు ఆ బొత్తాలే సరైనవని, దున్నేటప్పుడు కుదుపు వచ్చినా అడిగేవాడు ఉండడని చెప్పి, నన్ను ఒక ప్రశ్న వేశారు: “మరి నువ్వు హాఫ్ క్లచ్, అదే పెడల్ సగం వదిలి కారును పాకించడం, ఎక్కడ తొక్కుతావు?”

ఆ ప్రశ్నను నన్ను ఏ క్యాటలాగూ అడగలేదు. నాకు తోచిన జవాబు సఖినేటిపల్లి పంటు, అంటే వాహనాలను నది దాటించే పడవ. మా కొబ్బరితోట అంతర్వేది దారిలో ఉంది. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లడం ఇష్టం లేక వారానికి ఒకసారైనా గోదావరి పాయ వశిష్ఠ దాటడానికి పంటు ఎక్కుతాను. సముద్రం దగ్గర కావడం వల్ల పోటుకూ పాటుకూ నీటి మట్టం మారుతుంది, దానితో పాటు పంటు ఎక్కే వాలూ మారుతుంది. ముందు బంపరు రాసుకోకుండా ఆ వాలు మీద కారును అంగుళం అంగుళం పాకించి, మోటారు సైకిళ్లకూ కొబ్బరి బస్తాలకూ మధ్య చెయ్యి ఊపే కుర్రాడు ఆపమన్న చోట ఆపాలి. హాఫ్ క్లచ్ మీద నిలవని కారు అక్కడ ఆగిపోనైనా ఆగిపోతుంది, ముందున్న సైకిలు మీదికైనా దూకుతుంది.

అనుమానం తీర్చుకోవడానికి భీమవరంలో ఆరు బొత్తాల సిరామిక్ క్లచ్ వేయించుకున్న మిత్రుడి కారును ఒక సాయంత్రం నడిపాను. రైల్వే గేటు దగ్గర మూడుసార్లు ఆగిపోయింది. నాలుగోసారి కదిలిన తీరుకు వెనుక కూర్చున్న ఆయన తండ్రిగారు ముందు సీటు పట్టుకున్నారు.

మరి ట్రాక్ సంగతేమిటన్నది మిగిలింది. నేను ఏడాదికి రెండుసార్లు చెన్నై దాటి ఇరుంగట్టుకోట్టై వరకు వెళ్లి, 1990లో మొదలైన ఆ 3.7 కిలోమీటర్ల సర్క్యూట్‌లో తిరుగుతాను. ట్రాక్ అనగానే క్లచ్ నిప్పుల మీద ఉంటుందని నేనూ అనుకునేవాడిని. నిజానికి ల్యాపులో క్లచ్‌కు పని గేరు మార్చే అర సెకనులోనే; దిగువ గేరుకు వచ్చేటప్పుడు ఇంజను ఆర్‌పీఎంను ఆ గేరుకు సరిపడా పెంచి క్లచ్ వదిలితే ఆ పనీ తగ్గుతుంది. క్లచ్‌ను కాల్చేది నిలబడ్డ చోటు నుంచి దూకించే డ్రాగ్ పందెం, అది నేను చేయను. అంటే ట్రాక్ మీద నాకు కావలసింది జారకుండా పట్టుకోవడం మాత్రమే. క్లచ్ సగం జారుతూ మెత్తగా పనిచేయవలసిన చోటు, నవ్వు వచ్చినా సరే, పంటు రేవే.

ఆ లెక్కతో, హబ్‌లో (మధ్య భాగంలో) స్ప్రింగులున్న, మామూలు కార్లలో ఉండే మెత్తగా పట్టే ఆర్గానిక్ రకం ప్లేటునూ, ఎక్కువ బలంతో నొక్కే ప్రెషర్ ప్లేటునూ ఎంచుకున్నాను. కొనే ముందు అమ్మకందారును రెండు విషయాలు రాతపూర్వకంగా అడిగాను: చెబుతున్న 500 న్యూటన్ మీటర్లు ఇంజను దగ్గరా, చక్రాల దగ్గరా, ఆ అంకె ఏ ఫ్లైవీల్‌తో కొలిచింది. ఇంజను దగ్గరేనని జవాబు వచ్చింది. అంటే నా 400కు పైన పాతిక శాతం వెసులుబాటు. మొదట అడిగిన మరో చోట ఈ ప్రశ్నకు ‘మన కస్టమర్లందరూ వాడుతున్నారు సార్’ అన్న జవాబు వచ్చింది, అక్కడితో ఆ బేరం ముగిసింది.

ఫ్లైవీల్ దగ్గర మాత్రం కొంత వదులుకోవలసి వచ్చింది. లోపల స్ప్రింగులతో ఇంజను అదురును మింగే పాత డ్యూయల్ మాస్ (రెండు ముక్కల) ఫ్లైవీల్‌లో ఆట, అంటే వదులు, ఎక్కువైంది, పైగా వేడికి దాని ముఖం నీలం మచ్చలు తేలింది. దాని స్థానంలో ఒకే ముక్క ఉక్కు ఫ్లైవీల్ వేస్తే అది టార్క్‌కు బెదరదు కాని, న్యూట్రల్‌లో గేర్‌బాక్సు గలగలమంటుంది. తేలికైన అల్యూమినియం రకం ఇంజనును చురుగ్గా తిప్పుతుంది. అయితే కారు కదిలేటప్పుడు ఆదుకునే బరువు అందులో తక్కువ కనుక పంటును తలచుకుని బరువైన ఉక్కుదే తీసుకున్నాను.

పని విజయవాడలో లిఫ్టు ఉన్న ఒక షెడ్డులో చేయించాను. గేర్‌బాక్సు దించడమే పెద్ద కూలి కనుక, ఆ చేత్తోనే రిలీజ్ బేరింగు, క్రాంక్ వెనుక ఆయిల్ సీలు, ఫ్లైవీల్ బోల్టులు అన్నీ కొత్తవి వేయించాను. ఆ సీలు కారితే ఎంత ఖరీదైన ప్లేటైనా నూనెలో తడిసి జారుతుంది. పక్కన నిలబడటం మంచిదే అయింది. సహాయకుడు ప్లేటును తిరగేసి పెట్టబోతుంటే, దాని మీద ఫ్లైవీల్ వైపు అని అచ్చువేసిన గుర్తును నేనే చూపించాను.

తరువాతి 800 కిలోమీటర్లు పూర్తి టార్క్ వాడకుండా ఓపిక పట్టడమే కష్టమైన భాగం. ప్లేటు అరిగి ఫ్లైవీల్‌తో కుదురుకునేది గేర్లు మార్చినప్పుడే కనుక, హైవే మీద ఒకే గేరులో పరుగెత్తిన కిలోమీటర్లను లెక్కలో వేసుకోలేదు. గేర్లు ఎక్కువగా మార్చవలసి వచ్చే స్కూలు బస్సుల వేళ చూసుకుని నరసాపురం, పాలకొల్లు, భీమవరం మధ్య మూడు వారాలు తిరిగాను.

ఆ తరువాత ఇరుంగట్టుకోట్టైలో నాలుగు సెషన్లు నడిపాను. ఐదో గేరులో మూడు వేల దగ్గర ఎంత తొక్కినా ముల్లు, వేగం కలిసే పెరిగాయి. పెడల్ మాత్రం పాతదానికన్నా బరువు. సంక్రాంతికి కోడిపందేల జనంతో నిండిన భీమవరంలో గంటన్నర నడిపిన రాత్రి ఎడమ మోకాలికి జండూబామ్ రాసుకున్నాను.

మొన్న పాటు వేళ పంటు బాగా కిందికి ఉంది. కారు వాలు మీద మెల్లగా పాకి, కుర్రాడు చెయ్యి ఎత్తిన చోట ఆగింది. న్యూట్రల్‌లో పెట్టి కూర్చుంటే, టికెట్టు చింపుతున్న పెద్దాయన బానెట్ వైపు చెవి ఒగ్గి, “లోపలేదో ఊడినట్టుందండీ, గలగలమంటంది. అవతలి ఒడ్డున మెకానిక్ ఉన్నాడు, చూపించుకోండి” అన్నారు.