ఆదివారం, బండి కింద

పొద్దున్నే పాత దుప్పటి పరుచుకుని, అవసరమైతే ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పే మా పెద్ద బండి కిందికి దూరాను. మొన్న వెళ్లిన మట్టిదారి బురద బాడీ మీద ఎప్పుడో పోయింది గానీ కింద అట్టలు కట్టి అలాగే ఉంది. ఛాసిస్ లోపలి అంచుల్లో, స్ప్రింగుల చుట్టూ, ముఖ్యంగా వెనక డిఫరెన్షియల్, అంటే ఇంజిన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల డబ్బా, మీది సన్న గాలి గొట్టం మూతి దగ్గర. వేలెడంత కూడా లేని ఆ గొట్టం మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. పరుగు మీద వేడెక్కిన డిఫరెన్షియల్ ఒక్కసారిగా వాగునీళ్లలో మునిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, బయటినుంచి గాలిని లాక్కుంటుంది. గొట్టం పూడిపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లనే లాక్కుంటుంది. అలా నీళ్లు చేరిన ఆయిల్ పాలలా తెల్లబడుతుంది, దాని వెనకే బేరింగుల ఖర్చు వస్తుంది. పుల్లతో మూతి శుభ్రం చేసి, డ్రెయిన్ బోల్టు చుట్టూ తడి ఉందేమోనని తడిమి చూశాను. లేదు.

స్నానం చేసి లెక్కల పుస్తకం ముందేసుకున్నాను. ఇలాంటి బండి ఉందని తెలిస్తే అందరూ మొదట అడిగేది మైలేజీయే. అడగవలసిందే. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబం అనుకుందాం. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే బండి 1,500 లీటర్లు తాగుతుంది, 16 ఇచ్చే కారుకు 940 లీటర్లలోపే సరిపోతుంది. తేడా 560 లీటర్ల పైమాటే. లీటరు డీజిల్ కాలితే 2.6 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, ఆ తేడా ఒక్కటే గాలిలో దాదాపు టన్నున్నర అవుతుంది. పిల్లలు పర్యావరణం గురించి బడిలో చదివి వచ్చిన రోజున ఈ పేజీ వాళ్ల కంట పడకుండా చూసుకుంటాను.

ఇంజిన్‌ను తిట్టి లాభం లేదు. రెండు టన్నులకు అటూ ఇటూగా ఉన్న బరువు, గోడలా నిలబడ్డ ముఖం, ఎత్తు, ముతక టైర్లు, వాడినా వాడకపోయినా మోసుకు తిరిగే ముందు ఇరుసు సరంజామా, అన్నీ కలిసి తాగే ఇంధనం అది. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 80లో వెళ్లే బండిని 100కు తీసుకెళితే వేగం పెరిగేది పాతిక శాతమే, గాలి అడ్డు మాత్రం సగానికి పైగా పెరుగుతుంది. పైన ఖాళీ క్యారియర్ ఒకటి బిగించుకుని తిరిగితే ఇక చెప్పేదేముంది. మాది అలాగే తిరుగుతోంది.

నన్నడిగితే అసలు దెబ్బ టైర్ల దగ్గర. మాది అవసరమైనప్పుడు మాత్రమే ఫోర్ వీల్‌లో వేసుకునే రకం. లివర్ వేయగానే ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకే వేగంతో తిరగాలి. ముందు అరిగిన టైర్లు, వెనక కొత్తవి ఉంటే చుట్టుకొలతలు కుదరవు, ఆ పోట్లాటంతా ట్రాన్స్‌ఫర్ కేస్ మీద, అంటే ఇంజిన్ బలాన్ని ముందు వెనక ఇరుసులకు పంచే గేర్ల డబ్బా మీద పడుతుంది. కాబట్టి ఒకటి పగిలింది, ఒకటే కొందాం అంటే కుదరదు. స్టెప్నీని కూడా వంతులో కలిపి ఐదూ సమంగా అరిగేలా తిప్పుకోవాలి, కొనేటప్పుడు జట్టుగా కొనాలి. చూడ్డానికి బాగుంటుందని కాస్త పెద్ద సైజు వేయించేవాళ్లూ ఉన్నారు. టైరు చుట్టుకొలత 5 శాతం పెరిగితే మీటరు నిజంగా తిరిగిన దూరం కంటే తక్కువ చూపిస్తుంది, మైలేజీ లెక్క తప్పుతుంది. వేగమూ తక్కువే చూపిస్తుంది, అది ఇంకా ప్రమాదం.

ఇవి కాక మామూలు కారుకు లేని మూడు ఆయిళ్లు: ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్. ఇరుసులకు బలాన్ని చేర్చే పొడవాటి కడ్డీల (ప్రొపెల్లర్ షాఫ్టుల) కీళ్లకు గ్రీజు. బరువుకు తగ్గట్టు త్వరగా అరిగే బ్రేక్ ప్యాడ్లు. డీజిల్ బండి అయితే మసి ఫిల్టరు. దానిలో చేరిన మసి కాలాలంటే పొగ గొట్టం లోపల 600 డిగ్రీల వేడి దాకా రావాలి. బడికీ అంగడికీ మాత్రమే తిప్పితే ఆ వేడి ఎన్నటికీ రాదు, మసి పేరుకుంటూనే ఉంటుంది. కొండలెక్కే బండి ఇంటి చుట్టూ తిరిగి జబ్బు పడటమంటే ఇదే.

మరి ఎందుకు ఉంచుకున్నట్టు? అమ్మ మోకాళ్ల వల్ల అని చెబితే సగం నిజం. కిందికి ఉండే కారులోంచి లేవాలంటే ఆవిడకు ఇద్దరి సాయం కావాలి. ఇందులో మెట్టు మీద కాలు పెట్టి, పిడి పట్టుకుని తనంతట తానే ఎక్కి కూర్చుంటుంది, దారంతా కనిపిస్తోందని సంతోషిస్తుంది. కానీ ఎత్తు సీటు, నేలకు దూరంగా ఉండే అడుగు, వెనక సామాన్ల చోటు, ఇవన్నీ ఇంజిన్ రెండు చక్రాలనే తిప్పే బండిలోనూ దొరుకుతాయి. నాలుగు చక్రాలకు ఇచ్చే అదనపు డబ్బు వీటికి కాదు. బ్రేకు వేసినప్పుడు త్వరగా ఆగుతుందనే నమ్మకం కూడా వట్టిదే. ఆపేది టైరూ బ్రేకూ, ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి.

డబ్బు నిజంగా వెళ్లేది లో రేంజ్‌కి, అంటే చక్రాలను నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిప్పే గేర్ల జతకి. సాయంత్రం మా పెద్దమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మైదానం వెనక గులకరాళ్ల దిబ్బ దగ్గరికి వెళ్లాం. ముందు ఇరుసు గేర్ల పళ్లకు ఆయిల్ అంటాలంటే నెలకోసారైనా లివర్ వేసి కాస్త దూరం నడపాలి. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చిన్న లివర్‌ను వెనక్కి లాగితే టక్కుమని పడింది, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగింది. మొదటి గేరులో, బ్రేకు మీద కాలు పెట్టకుండా, దిబ్బ దిగాం. మనిషి నడక కంటే నెమ్మదిగా, రాయి రాయినీ తడుముకుంటూ, ఒక్క చక్రమూ జారకుండా దిగింది. "నాన్నా, దీన్ని ఎవరు కనిపెట్టారు?" అంది. ఒక్కరని చెప్పలేం గానీ, 1941లో యుద్ధం కోసం తయారైన విల్లీస్ జీపు దీన్ని లోకానికి అలవాటు చేసిందని, 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో పెట్టిన ల్యాండ్ రోవర్ పొలాల్లోకి తీసుకెళ్లిందని చెప్పాను. 1970లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్ లోపలి భాగాన్ని నీళ్ల గొట్టంతో కడుక్కోవచ్చని చెబితే తన బూట్ల వంక చూసుకుని నవ్వింది.

తిరిగి వచ్చేటప్పుడు గట్టి నేల మీదికి రాగానే ఫోర్ వీల్ తీసేశాను. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. తారు రోడ్డు మీద జారే వీలు లేక గేర్లు బిగుసుకుంటాయి, స్టీరింగు మొరాయిస్తుంది. అది తనకు తెలియడం కోసం, తీసేముందు ఒక్క చిన్న మలుపు మాత్రం అలాగే తిప్పాను.

రాత్రి మా ఆవిడా నేనూ రెండు నిర్ణయాలు తీసుకున్నాం. ఈసారి టైర్లు మారేటప్పుడు ముతకవి వద్దు, రోడ్డు రకం వేయిద్దాం. మేం తిరిగేది ముప్పాతిక వంతు తారు మీదే, మట్టిదారికి అవీ చాలు, మోత తగ్గుతుంది, ఇంధనమూ కొంత మిగులుతుంది. రెండోది, క్యారియర్ రేపే విప్పేయాలి. విప్పింది ఎక్కడ పెడతావని ఆవిడ అడిగింది. మంచం కింద అన్నాను. అక్కడ పాత స్టెప్నీ ఉందట.