రెండు 813 వాల్వులు, ఒక 3.9 కిలోఓమ్ రెసిస్టరు

కావలిలో మా మేడ మీది గదిలో, 14 మెగాహెర్ట్జ్ మీద ట్యూనింగ్ మొదలుపెట్టి నిమిషం కూడా కాలేదు. కాయిల్ ట్యాపు (కాయిల్‌లో ఎంత భాగం వాడాలో నిర్ణయించే మధ్య కనెక్షను) దగ్గర సాల్డరు కరిగి, వెండి చుక్కలా ఛాసిస్ మీద పడింది. వెంటనే మెయిన్ స్విచ్ ఆపేశాను. మూడు నెలల శ్రమ మీద అంతకు ముందు వారమే 7 మెగాహెర్ట్జ్‌లో చక్కగా పలికిన హామ్ రేడియో యాంప్లిఫయర్ (ట్రాన్స్‌మిటర్ సంకేతాన్ని బలపరిచే పరికరం) అది.

మన దేశంలో జనరల్ గ్రేడ్ హామ్ లైసెన్సుకు 400 వాట్ల వరకు అనుమతి ఉంది. ఆ పరిధిలోనే ఉండాలని రెండు 813 వాల్వులతో, గ్రౌండెడ్ గ్రిడ్ (వాల్వు గ్రిడ్‌ను ఎర్తుకు కలిపే) పద్ధతిలో మొదలుపెట్టాను. ప్లేటుకు (వాల్వు నుంచి శక్తి బయటికి వచ్చే కొసకు) 2000 వోల్టులు, 300 మిల్లీయాంపులు. అంటే లోపలికి వెళ్లేది 600 వాట్లు, బయటికి వచ్చేది దాదాపు 370.

లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది. వాల్వు తన శక్తిని సరిగా అప్పగించాలంటే దానికి ఎంత లోడు (నిరోధం) కనబడాలి? 2000ను 0.3తో భాగిస్తే వచ్చే 6,667 ఓములు కాదు. ఈ తరహా యాంప్లిఫయర్‌కు కరెంటును దాదాపు 1.7తో గుణించి, ఆ తర్వాత భాగించాలి. అప్పుడు 3,920 ఓములు వస్తాయి. యాంటెన్నా వైపు ఉన్నది 50 ఓములు. ఆ రెంటినీ కలిపే వంతెనే పై (π) నెట్‌వర్క్, దీన్నే ట్యాంకు అని కూడా అంటాం: ప్లేటు వైపు ఒక కండెన్సరు, మధ్యలో కాయిల్, యాంటెన్నా వైపు మరో కండెన్సరు. క్యూ (ట్యాంకులో తిరిగే కరెంటు ఎంత ఎక్కువో చెప్పే అంకె) 12 అనుకుంటే 7.1 మెగాహెర్ట్జ్‌కు ప్లేటు వైపు 68 పికోఫారడ్ల కెపాసిటెన్సు, కాయిల్ 7.8 మైక్రోహెన్రీలు, యాంటెన్నా వైపు 413 పికోఫారడ్లు కావాలి. 14కు వెళితే అన్నీ ఇంచుమించు సగమవుతాయి.

కాయిల్‌కు పావు అంగుళం రాగి గొట్టాన్ని ఫ్రిజ్ మెకానిక్ దగ్గర కొన్నాను. పీవీసీ పైపు మీద చుట్టి, తర్వాత పైపు లాగేశాను. సగటు వ్యాసం 3 అంగుళాలు, పొడవు 7 అంగుళాలు, 17 చుట్లు. చుట్టేటప్పుడు ఒకసారి గొట్టం నొక్కుకుపోయింది. ఆ ముక్క పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి చుట్టాను. ప్లేటు కండెన్సరు కోసం పొద్దున్నే రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. పాత ట్రాన్స్‌మిటర్ నుంచి తీసిన పెద్ద వేరియబుల్ కండెన్సరు కనబడింది. రేకుల మధ్య ఖాళీ బాగుంది, తిప్పితే నూనె రాసినట్టు తిరుగుతోంది. అంత మంచిది మళ్లీ దొరకదనిపించి బేరం కూడా ఆడలేదు.

సాల్డరు కరిగిన రాత్రే ఒంగోలులో ఉండే మా గురువుగారికి ఫోన్ చేశాను. ఆయన అడిగింది ఒక్కటే: “అబ్బాయ్, ఆ కండెన్సరు రేకులు పూర్తిగా తెరిస్తే ఎంత కెపాసిటెన్సు మిగులుతుంది? దానికి వాల్వులది కలిపావా?”

“కలపలేదండీ.”

“రేపు కలిపి చూడు. ఈలోగా ఆ 2000 వోల్టుల హైటెన్షన్ జోలికి పోవద్దు.”

ఒక్కో 813 ప్లేటు దగ్గర సొంతంగా 14 పికోఫారడ్లు ఉంటాయి. రెంటికీ 28. వైరింగు, ఛాసిస్ కలిసి ఇంకో 10. నా కండెన్సరు పూర్తిగా తెరిచినా 20 మిగులుతోంది. మొత్తం 58. 14 మెగాహెర్ట్జ్‌లో నాకు కావలసింది 34! డిప్ (ట్యూనింగ్ కుదిరినప్పుడు ప్లేటు కరెంటు తగ్గే చోటు) దొరకక ట్యాపును జరుపుకుంటూ వెళ్లినప్పుడు నేను చేసింది కాయిల్ తగ్గించి ఆ ఎక్కువ కెపాసిటెన్సుకు సర్దిపెట్టడమే. దానితో క్యూ 12 నుంచి 20కి పోయింది. ప్లేటు కండెన్సరులో తిరిగే ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) కరెంటు దాదాపు 4 ఆంపియర్ల నుంచి ఆరున్నరకు చేరింది, కాయిల్‌దీ అదే దారి. కాయిల్ సొంత క్యూ (అది ఎంత తక్కువ శక్తిని వృథా చేస్తుందో చెప్పే అంకె) 200 అనుకున్నా, అందులో వేడిగా పోయేది 22 వాట్ల నుంచి 37 వాట్లకు పెరుగుతుంది. నేను ట్యాపుకు వాడింది సన్నని తీగ. సాల్డరు కరగక ఏమవుతుంది?

గురువుగారు నేర్పిన పరీక్ష కూడా ఈసారి శ్రద్ధగా చేశాను. కరెంటు ప్లగ్గు పీకేసి, ఫిల్టరు కండెన్సర్లను ఎర్తు కర్రతో డిశ్చార్జి చేసి, వాల్వులను సాకెట్లలోనే ఉంచి, ప్లేటు నుంచి ఛాసిస్‌కు 3.9 కిలోఓమ్ కార్బన్ రెసిస్టరు పెట్టాలి. నారింజ, తెలుపు, ఎరుపు గీతలది. తీగ చుట్టిన రెసిస్టరు పనికిరాదు, అదే ఒక కాయిల్‌లా ప్రవర్తిస్తుంది. యాంటెన్నా సాకెట్‌కు ఎనలైజరు (ఎన్ని ఓములు కనబడుతున్నాయో చూపే మీటరు) తగిలించి వెనక నుంచి చూస్తే, సరైన చోట 50 ఓములు కనబడాలి. ఒక్క వోల్టు హైటెన్షన్ లేకుండా ట్యాంకు మొత్తాన్ని సరిచూసుకునే మార్గమిది. దీన్ని ముందే చేయనందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పెద్ద కండెన్సరు తీసేసి, 8 నుంచి 50 పికోఫారడ్ల చిన్నది వేశాను. వాల్వులు, వైరింగుల 38తో కలిపి ఇప్పుడు కనిష్ఠం 46, క్యూ 16. అనుకున్న 12 కాదు కానీ నాకు సమ్మతమే. 7 మెగాహెర్ట్జ్‌కు కావలసిన మిగతా 30 కూడా అదే ఇస్తుంది. ట్యాపుకు సన్నని తీగ బదులు వెడల్పాటి రాగి పట్టీ వేశాను. తుమ్మలపెంట వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి రేకుల మీద పొర పట్టి స్పార్కులు రాకుండా, నెలకోసారి స్పిరిట్‌తో తుడుస్తున్నాను.

ఇంకొకటి తప్పనిసరిగా చెప్పాలి. ప్లేటు నుంచి ట్యాంకుకు వెళ్లే దారిలో 2000 వోల్టులను ఆపేది ఒక్క బ్లాకింగ్ కండెన్సరే. అది షార్టయితే ఆ వోల్టేజీ నేరుగా యాంటెన్నా తీగకు చేరుతుంది. అందుకే యాంటెన్నా సాకెట్ దగ్గర నుంచి ఎర్తుకు 2.5 మిల్లీహెన్రీల చోకు (డీసీని ఎర్తుకు పోనిచ్చి, రేడియో సంకేతాన్ని ఆపే కాయిల్) పెట్టాలి. అప్పుడు ఫ్యూజు పోతుంది, మనిషి బతుకుతాడు. దీన్ని వదిలేసిన యాంప్లిఫయర్‌ను నేను ఎవరింట్లోనూ ఆన్ చేయనివ్వను.

ఆ ఆదివారం 14లో డిప్ రేకులు కాస్త లోపలికి వచ్చినప్పుడే దొరికింది. డమ్మీ లోడు (యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టరు) మీద 360 వాట్లు. రెండు నిమిషాల తర్వాత ఆపేసి, డిశ్చార్జి చేసి, ఎర్తు కర్ర తగిలించి ఉంచి కాయిల్ మీద వేలు పెట్టాను. గోరువెచ్చగా ఉంది.