38 ఏళ్లకు జువాలజీ పుస్తకం

నిన్న కోఠిలో పాత పుస్తకాల దగ్గర మా పాప నాలుగో తరగతి గైడు వెతుకుతుంటే, ఇంటర్ జువాలజీ, తెలుగు అకాడమీది, చేతికి తగిలింది. బేరం కూడా ఆడకుండా కొనేశాను.

2005లో ఎంసెట్ మెడికల్ రాశాను. ర్యాంకు రాలేదు. ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చేసి అప్పటినుంచీ ల్యాబ్‌లోనే. 2022లో ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష నీట్‌కు పై వయసు పరిమితి తీసేశారని విన్న రోజు నుంచి మనసులో ఈ పురుగు తొలుస్తూనే ఉంది.

720 మార్కుల్లో 360 బయాలజీవే, దానికి భయం లేదు. ఫిజిక్స్ అంటేనే టెన్షన్. సీటొచ్చినా నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. అయ్యేసరికి నాకు 45 దగ్గర పడతాయి, పాప ఇంటర్‌కి వస్తుంది. ఇద్దరి ఫీజులూ ఎలా కడదామని మా ఆయన అడిగారు. కోపం రాలేదు, నేనూ అదే లెక్క వేసుకుంటున్నాను మరి.

అత్తయ్యేమో, "ముందు నా షుగర్ రిపోర్టు చూడమ్మా, డాక్టరువి తర్వాత అవుదువుగాని" అన్నారు. (210 ఉంది. మళ్లీ మామిడిపండ్లు!)

రాత్రి పాప పాత నోట్‌బుక్‌లో న్యూటన్ రెండో నియమం రాస్తూ అలాగే నిద్రపోయాను. నీట్ అప్లికేషన్లు మొదలయ్యేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి.