రిపోర్టు కింద ఇంకో లైను

మంగళవారం.

ఆదివారం రాత్రి మెషీన్‌లో పాజిటివ్ కొట్టిన బ్లడ్ కల్చర్ బాటిల్ (రోగి రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసేది) సంగతి ఇవాళ తేలింది. బ్లడ్ అగార్ ప్లేటు మీద ఆవగింజలో సగం కూడా లేని బూడిదరంగు కాలనీలు. మైక్రోస్కోపు కింద ఊదారంగు కోకై, అంటే గుండ్రటి క్రిములు, గొలుసులు గొలుసులుగా. క్రిమిని గుర్తుపట్టే పరీక్షల్లో బైల్ ఎస్కులిన్ నల్లబడింది. ఉప్పు ఎక్కువ వేసిన బ్రాత్‌లో (క్రిములు పెంచే ద్రవంలో) పెరగలేదు, పీవైఆర్ టెస్టులో ఎరుపు రాలేదు. కాబట్టి దీనిలాగే కనిపించే ఎంటరోకాకస్ కాదు. మధ్యాహ్నానికి మెషీన్ పేరు కూడా ఇచ్చింది: స్ట్రెప్టోకాకస్ గాలోలిటికస్.

పీజీ అమ్మాయి ‘పెన్సిలిన్‌కు సెన్సిటివ్’ అని రాసి సంతకానికి తెచ్చింది.

“ఇంకో లైను రాయమ్మా, కొలనోస్కోపీ చేయించమని.”

“గుండె వాల్వ్ ఇన్ఫెక్షన్ కదా మేడమ్, పేగుకేం సంబంధం?”

అడగాల్సిన ప్రశ్నే. కొలనోస్కోపీ అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూడటం మరి. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. వెనకటి పుస్తకాల్లో ఈ క్రిమిని స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనేవారు. ఇలాంటి క్రిమి వాల్వ్‌కు పట్టిన రోగికి పెద్దపేగు క్యాన్సర్ కూడా ఉందని 1951లోనే రాశారు. 1977లో అమెరికా డాక్టర్లు మలపరీక్షలు చేస్తే పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 63 మందిలో 35 మందికి ఇది కనిపించింది. పోలిక కోసం తీసుకున్న 105 మందిలో 11 మందికే. క్రిమి పేరు, పనిచేసే మందు రాసి ఊరుకుంటే జ్వరం తగ్గుతుంది, పేగులో ఏముందో అలాగే ఉండిపోతుంది.

సాయంత్రం వార్డుకు నేనే వెళ్లాను. పలమనేరు దగ్గరి రైతు. టైఫాయిడ్ అనుకుని ఊళ్లో చాలా రోజులు మందులు వాడారట. మనిషి బాగా చిక్కిపోయాడు. కొడుకు మంచం పక్కనే ఉన్నాడు.

“గుండె జబ్బు అంటిరి గదా మేడమ్, మళ్లా ఈ పరీక్ష ఎందుకు?”

“నాయనకు దొడ్డికి పోయినప్పుడు రక్తం ఏమన్నా పడతా ఉందా?”

“మొలలుండాయి మేడమ్. చానా రోజుల్నించి నాటు మందు తింటా ఉండాడు.”

ఈ మాట ఎన్నిసార్లు విన్నా కడుపులో దేవినట్టే ఉంటుంది. రక్తం పడితే మొలలే అనుకోవడం, సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పకపోవడం. పేగు గోడ మీద మొలిచే చిన్న పాలిప్ (కండ) క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 10 ఏళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ లోపల కనిపిస్తే కొలనోస్కోపీలోనే తీసేయొచ్చు. ఇంత గడువు ఇచ్చే క్యాన్సర్లు ఎక్కువ లేవు. పెద్దాయనకు మొలలే కావచ్చు, చూడకుండా ఎవరం చెప్పలేం. జ్వరం పూర్తిగా తగ్గాక చేద్దామన్నారు డాక్టర్లు. కొడుకు సరేనన్నాడు. పేగు శుభ్రం కావడానికి ముందురోజు తాగాల్సిన మందు నీళ్ల గురించే పెద్దాయనకు టెన్షన్.

క్రిములకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం వెతికే ఈ దారికి నేను వచ్చింది టైఫాయిడ్, విరేచనాల క్రిములు పెంచిన ప్లేట్లు చూస్తూనే. సర్వీసు మొదట్లో అదే లోకం. క్యాన్సర్ పక్క గదివాళ్ల పని అనుకునేదాన్ని. పళ్ల పాచిలో ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం అనే క్రిమి పెద్దపేగు క్యాన్సర్ గడ్డల్లో ఎక్కువగా ఉందని 2012లో రెండు బృందాలు విడివిడిగా ప్రచురించాయి. ఆ పేపర్లు చదివాక ఆ రెండు గదుల మధ్య గోడ ఉందనిపించలేదు. 2017లో ఇంకో సంగతి బయటపడింది: గడ్డ కాలేయానికి పాకితే ఈ క్రిమీ వెంట వెళుతోంది. అలాంటి గడ్డను ఎలుకల్లో పెంచి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే దాని పెరుగుదల తగ్గింది. మన మందుల షాపుల్లో దొరికే మాత్రే! అలాగని రోగులకు ఇచ్చేయడానికి వీల్లేదు, ఎలుక వేరు, మనిషి వేరు. క్రిమి వల్ల గడ్డ ముదురుతోందా, గడ్డలో చోటు దొరికి క్రిమి చేరుతోందా అన్నది విడదీయడం కష్టం. నా మటుకు నాకు రెండూ కొంత కొంత నిజమే అనిపిస్తుంది. గాలి తగిలితే చచ్చే ఈ క్రిమిని పెంచడానికి ఎంత ఓపిక కావాలో ల్యాబ్‌లో అందరికీ తెలుసు. ఆ పని ఎవరికి అప్పజెప్పినా విసుక్కోకుండా చేస్తున్నారు, నాకు అది చాలా పెద్ద సాయం.

ఇంటికి బయల్దేరేముందు పీజీ అమ్మాయి మళ్లీ వచ్చింది. “పాత రిపోర్టుల్లో ఈ క్రిమి వచ్చినవాళ్లకు కొలనోస్కోపీ చేశారా మేడమ్?” అని. తన థీసిస్‌కు ఇంతకన్నా మంచి ప్రశ్న దొరకదు. రేపు పొద్దున్నే స్టోర్ రూమ్ తాళాలు తీసుకుని పాత రిజిస్టర్లు బయటపెట్టిస్తాను. ఎథిక్స్ కమిటీకి అప్లికేషన్ కూడా ఈ వారమే పెట్టించాలి.