మూడణాల అవిశ్వాసం

మన బడి పాత విద్యార్థుల కలయిక సంచిక కమిటీ నుంచి మొన్న మూడోసారి ఫోను. "రెండు పేజీలు చాలురా, ఢిల్లీలో అంతమంది పెద్దవాళ్లను చూశావు, వాళ్ల గురించి రాయి" అన్నాడు మన ట్రెజరర్. ఫుట్‌బాల్ డబ్బుల లెక్క ఇంతవరకూ చెప్పనివాణ్ణి మళ్లీ ట్రెజరర్‌ని చేసిన మీ ధైర్యానికి దండం పెట్టి మొదలుపెడుతున్నాను.

బడి గురించి రాయమంటే నాకు గుర్తొచ్చేది ఒక్క సివిక్స్ పీరియడే. లెక్కల మేష్టారి బెత్తం, పాము దొరికిన రోజు, గొడుగు సంగతి మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. నేను ఆ సివిక్స్ చెప్పిన అక్సాయ్ చిన్ మేష్టారి గురించి రాస్తాను.

ఆ పేరు ఆయన తనకు తానే తెచ్చిపెట్టుకున్నారని మన తర్వాత బ్యాచ్‌ల వాళ్లకు తెలియదు. లడఖ్‌లో చైనా ఆక్రమించుకున్న అక్సాయ్ చిన్‌లో గడ్డిపరక కూడా మొలవదని పార్లమెంటులో నెహ్రూ అంటే, ఆయన పార్టీ సభ్యుడే అయిన మహావీర్ త్యాగి లేచి తన బట్టతల చూపించి ఇక్కడా ఏమీ మొలవదు, దీన్ని కూడా ఎవరికైనా ఇచ్చేద్దామా అని అడిగాడట. ఆ కథ చెబుతూ చెబుతూ మేష్టారు అలవాటుగా తన తల నిమురుకున్నారు. అంతే. వెనక బెంచీ నుంచి ఎవడు నవ్వాడో నాకు తెలుసు, వాడికీ తెలుసు. మేష్టారికి కోపం రాలేదు. "చూశారా, విదేశాంగ విధానం మీద ఇంతకంటే పొట్టి ప్రసంగం ఉండదు" అన్నారు.

మేష్టారికి నెహ్రూ అంటే ప్రాణం. అయినా క్లాసులో మనకు చదివి వినిపించినవి ఎక్కువగా నెహ్రూని తిట్టినవాళ్ల ప్రసంగాలే. ముందురోజు హిందూ పేపరు మడతపెట్టి సంచిలో తెచ్చేవారు. 1962 నవంబరులో చైనా యుద్ధం మీద లోక్‌సభలో 165 మంది మాట్లాడారని ఆయన చెప్పినప్పుడు, మనం 'గంట' అని పిలిచేవాడు లేచి, "చైనాను తరిమికొట్టాలన్న తీర్మానాన్ని చివరికి అందరూ లేచి నిలబడి ఒప్పుకున్నారు కదండీ, ఇక అన్ని రోజులు ఎందుకు మాట్లాడటం?" అని అడిగాడు. "తీర్మానం ఒకటేరా. కారణాలు నూట అరవై అయిదు" అన్నారు మేష్టారు. ఏ కూటమిలోనూ చేరని అలీన విధానం ఆపదలో అక్కరకు రాలేదనేవాళ్లూ, ఆయుధాలు పుచ్చుకున్నా ఆ విధానం వదలకూడదనేవాళ్లూ అదే తీర్మానానికి లేచి నిలబడ్డారని ఆయన ఒక్కొక్కరినీ అనుకరించి మరీ చెప్పారు. ఆ గంట మోగకపోతే బావుండుననిపించిన పీరియడ్ నా చదువు మొత్తంలో అదొక్కటే.

మా ఇంట్లో సంగతి వేరు. మా నాన్నకు మూడెకరాలు, రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారి ఫోటో ఒకటి. 1959లో నాగపూర్ కాంగ్రెసు సహకార వ్యవసాయం తీర్మానం చేశాక రంగా గారు కాంగ్రెసు వదిలి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. మా నాన్న కూడా ఆయన వెనకే వదిలేశాడు, మా నాన్న వదలడం కాంగ్రెసు వాళ్లు గమనించి ఉండరు. 1957లో మన తెనాలి నుంచి లోక్‌సభకు వెళ్లిన రంగా గారు తర్వాత చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి మళ్లీ సభలోకి వెళితే, మా నాన్న తనే గెలిచినంత సంబరపడ్డాడు.

పదిహేడో రాజ్యాంగ సవరణ వచ్చినప్పుడు మేష్టారు మా అరుగు మీదకొచ్చి మా నాన్నతో వాదం పెట్టుకున్నారు. రైతే నేరుగా శిస్తు కట్టే రైతువారీ భూములను కూడా, ప్రభుత్వం తీసుకోగలిగే 'ఎస్టేటు' అనే మాటలోకి తెచ్చేస్తే ఇక కోర్టుకెళ్లి ఏం లాభమని మా నాన్న. పూర్తిగా చదవండి, సొంత సేద్యంలో ఉండి పరిమితికి లోబడిన భూమి తీసుకుంటే మార్కెట్ ధరకు తగ్గకుండా ఇవ్వాలని అందులోనే ఉందని మేష్టారు. "సరేనండీ, ఆ పరిమితి గీత గీసేదెవరు?" అన్నాడు మా నాన్న. మేష్టారు మజ్జిగ తాగి, "ఈ ప్రశ్న అసెంబ్లీలో అడగాల్సింది" అని లేచారు. మర్నాడు క్లాసులో ఆ ప్రశ్న మా నాన్న పేరు చెప్పి మరీ బోర్డు మీద రాశారు. నేను తల దించుకున్నాను గానీ లోపల ఎంత పొంగిపోయానో ఇప్పుడు చెప్పొచ్చు.

ఇక అసలు విషయం. 1963 ఆగస్టు. నెహ్రూ ప్రభుత్వం మీద ప్రతిపక్షంలోని ఆచార్య కృపలానీ పెట్టిన అవిశ్వాస తీర్మానం, స్వతంత్రం వచ్చాక మొదటిది. సోషలిస్టు నాయకుడు లోహియా లేచి దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడణాలతో (అణా అంటే రూపాయిలో పదహారో వంతు) బతుకుతున్నారన్నాడు. కాదు పదిహేను అణాలని ప్రభుత్వం. సరిగ్గా అప్పుడే మన క్లాసులో ఫుట్‌బాల్ కోసం తలా మూడణాలు వసూలయ్యాయి, బంతి మాత్రం రాలేదు. మేష్టారు ఊరుకుంటారా? బెంచీలు రెండు వైపులకు జరిపించారు. క్లాస్ లీడర్ ప్రధానమంత్రి, మన ట్రెజరర్ ఆర్థికమంత్రి, గంట స్పీకరు. నన్ను రంగా గారిని చేశారు, మా నాన్న పుణ్యమా అని.

నేను లేచాను. "అధ్యక్షా" అన్నాను. తర్వాత ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు. ఏమీ జరగలేదు. నోరు ఎండిపోయింది, చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాను. ట్రెజరర్ "మాజీ సభ్యుడు" అని అరిచాడు. ఆ నవ్వులు ఇప్పటికీ వినపడతాయి. మేష్టారు నా చేతికి ఓ నోటుబుక్కు ఇచ్చి తన కుర్చీ పక్కన నేల మీద కూర్చోబెట్టారు. "ఎవడు ఏమంటే అది రాయి. బాగుచేయకు. నీకు నచ్చని మాటైనా సరే."

రాశాను. మూడు పీరియడ్లు రాశాను. లీడర్ ట్రెజరర్‌ని అన్నదీ, ట్రెజరర్ లీడర్ తాతగారిని అన్నదీ అన్నీ రాశాను. మర్నాడు మేష్టారు చదివిస్తే గోల. "నేనలా అనలేదండీ" అని లీడర్. "అన్నావా లేదా?" అని మేష్టారు క్లాసుని అడిగారు. నలభై గొంతులు ఒక్కసారి "అన్నాడండీ!" సభ్యతగా లేని మాటలు స్పీకరు తొలగించవచ్చని, తొలగించిన చోట నక్షత్రం గుర్తులు పెడతారని ఆయన చెప్పగానే గంట రెచ్చిపోయి కనిపించిన మాటల్లా తొలగించమన్నాడు. పేజీ నిండా నక్షత్రాలే. మేష్టారు చూసి, "ఇది కార్యవాహి కాదురా, స్వతంత్ర పార్టీ ఎన్నికల కరపత్రం!" అన్నారు. నక్షత్రం వాళ్ల గుర్తు కదా. ఆ నవ్వు మాత్రం నాది కూడా.

ఢిల్లీలో కృపలానీ తీర్మానానికి 62 ఓట్లు, ఎదురు 347. మన దగ్గర తొమ్మిది, ముప్పై ఒకటి. ప్రభుత్వాలు రెండూ నిలబడ్డాయి. బంతి రాలేదు.

తర్వాతి పదేళ్లు రాస్తే కమిటీ వాళ్లే తొలగిస్తారు. టైపు ఇన్‌స్టిట్యూట్, షార్ట్‌హ్యాండ్, నిమిషానికి 160 మాటల పరీక్ష, జీటీ ఎక్స్‌ప్రెస్. చివరకు లోక్‌సభలో స్పీకర్ ఆసనానికి దిగువన, సభ నడిమధ్యన ఉన్న బల్ల దగ్గర, సభ్యులన్న ప్రతి మాటా రాసుకునే రిపోర్టరుగా కూర్చున్నాను. మేష్టారి కుర్చీ పక్క నేలకీ దానికీ పెద్ద తేడా లేదు. కొద్ది నిమిషాలు మన వంతు. అది అయిపోగానే పక్కవాడు అందుకుంటాడు, మనం బయటకు పరుగెత్తి షార్ట్‌హ్యాండ్ గీతల్ని మాటలు చేసి టైపు కొట్టించాలి. ఇద్దరు అరిస్తే ఇద్దరివీ వినాలి, పదిమంది అరిస్తే 'అంతరాయం' అని రాయాలి. సభ్యులకు దిద్దుకోమని ప్రతి పంపితే వ్యాకరణం దిద్దొచ్చు, అనని మాట చేర్చడానికి లేదు. ఒకాయన చేర్చబోతే నేను గౌరవంగానే కుదరదన్నాను. చెబుతుంటే లీడర్ ముఖమే గుర్తొచ్చింది.

1980లో రంగా గారు గుంటూరు నుంచి గెలిచి వచ్చారు. 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టిన మనిషి, అప్పటికి ఎనభై ఏళ్లకు దగ్గర పడ్డారు. తిరిగి కాంగ్రెసులోనే. ఆ సంగతి చూడకుండానే మా నాన్న పోయాడు, ఒకందుకు మంచిదే. రంగా గారు లేచిన మొదటిసారి నా వంతు నడుస్తోంది. ఏ విషయం మీద మాట్లాడారని అడగకండి. మా పనిలో చెవిలోంచి చేతికి పోతుంది, మనసులో ఏదీ ఆగదు. రైతు అన్న మాట వచ్చిందని మాత్రం తెలుసు, ఎందుకంటే అక్కడ నా గీత వణికింది. ఆ ఇంగ్లీషు వెనకున్న మన యాస అర్థం కాక పక్క రిపోర్టరు తర్వాత రెండు మాటలు నన్నడిగి రాసుకున్నాడు.

ఆ రాత్రే మేష్టారికి ఉత్తరం రాశాను, రంగా గారి వేషం చివరికి ఇలా తీరిందని. వారానికి కార్డు వచ్చింది. మూడే ముక్కలు: "సంతోషం. బాగుచేయలేదు కదా? మీ నాన్న ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు."

మొన్న మా మనవడు ఆ చర్చలన్నీ ఫోనులో తెరిచి, "తాతా, ఎక్కడా నీ పేరు లేదే" అన్నాడు. ఉండదురా అన్నాను. వాడికి నమ్మకం కుదరలేదు, ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

మన నోటుబుక్కు నా దగ్గరే ఉంది. అట్ట ఊడింది, నక్షత్రాలు మాత్రం చెక్కుచెదరలేదు. కలయిక రోజు తెస్తాను. పదకొండో పేజీలో ఆరో వరుస, ట్రెజరర్ లీడర్ తాతగారిని అన్న మాట ఏమిటని కమిటీ వాళ్లు ఫోనులో మరీ మరీ అడిగారు. అది స్పీకరు ఆదేశం మీద తొలగించింది, నేను చెప్పను. గంట వస్తున్నాడుగా, ఆదేశం వాడే వెనక్కి తీసుకోమనండి. ట్రెజరర్ మటుకు నలభై మంది మూడణాలూ వడ్డీతో తెచ్చుకోవాలి.