వేంపల్లి బండల్లో ఉన్నది ఆకుపచ్చ నాచు కాదు

కడప జిల్లా వేంపల్లి చుట్టుపక్కల డోలమైట్ (మెగ్నీషియం కలిసిన సున్నపురాయి లాంటిది) బండల మీద, కోసిన క్యాబేజీలా పొర మీద పొరగా లేచిన గుమ్మటాలు కనిపిస్తాయి. వాటి ఫొటో పెట్టి "ఆకుపచ్చ నాచు శిలాజం" అని రాసేస్తుంటారు. అవి స్ట్రోమటోలైట్లు. సయనోబాక్టీరియా, అంటే ఎండతో ఆహారం చేసుకునే బ్యాక్టీరియా, జిగురు పొరలు ఒండ్రును పట్టుకోగా, సున్నం పేరుకోగా పెరిగినవి. వయసూ కుదరదు: పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొరబడ్డ అగ్నిశిలలకే సుమారు 188 కోట్ల ఏళ్లు, కిందున్న ఈ బండలు ఇంకా పాతవి. సున్నపు తొడుగు కట్టే ఆకుపచ్చ నాచులు, అంటే దాసిక్లాడ్‌లు, కనిపించేది 50 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ నుంచే.

అసలైనవి చూడాలంటే రాజమండ్రి దగ్గర ఇంటర్‌ట్రాపియన్ (లావా పొరల మధ్య చిక్కిన) సున్నపురాళ్లకో, తమిళనాడులో నినియూరు పొరలకో పోవాలి. నినియూరు నాచులకు 1936లో డిసోక్లాడెల్లా సావిత్రియే, ఇండోపోలియా సత్యవంతి అని పేర్లు పెట్టారు. పురాణం తెలిసినవాళ్ల పనే!

దాసిక్లాడ్ మొత్తం ఒకే కణం. నడుమ కాడ, దాని చుట్టూ చక్రాల్లా కొమ్మల వరసలు. అరగొనైట్ కణం బయట పేరుకుంటుంది. కణం కుళ్లిపోయాక మిగిలేది అచ్చు మాత్రమే: మధ్యలో పెద్ద బొక్క, గోడ నిండా సన్నని రంధ్రాలు. అరగొనైట్ కాల్సైట్‌గా మారేటప్పుడు ఆ రంధ్రాలూ చెరిగిపోతే ఇక గుర్తుపట్టలేం.

చుట్టరికం తేల్చేది బీజకణాల చోటు. కాడలోనా, కొమ్మల్లోనా, విడిగా గదుల్లోనా అని ఆస్ట్రియా శిలాజ శాస్త్రవేత్త యూలియస్ పియా 1920లో మూడు రకాలు చేశాడు. గుంపులు కట్టడానికి అది పనికొస్తుంది, ఒకదాని నుంచి ఒకటి వరసగా పరిణమించిన మెట్లు అనుకుంటేనే తప్పు. ఇక సున్నం కట్టే మరో ఆకుపచ్చ నాచు హాలిమెడాది వర్గీకరణలో వేరే క్రమం (ఆర్డర్). అందులో పెనవేసుకున్న గొట్టాలు బోలెడు. సున్నం కట్టడం రెండింటిలో విడివిడిగానే పుట్టింది కాబట్టి, ఆ సున్నం చూసి దాయాదులనకూడదు.

చేతిలో రాయి ఉంటే ముందు 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఒక చుక్క వేయండి. సున్నపురాయి వెంటనే బుసబుసా పొంగుతుంది. డోలమైట్ గీకి పొడి చేస్తేగానీ సరిగా పొంగదు. తర్వాత మైక్రోస్కోపులో చూడటానికి రాయిని 30 మైక్రాన్ల పల్చని సెక్షన్‌గా కోయించండి. ఒక్కటి చాలదు. గోడను అంచున కోస్తే కాడ కనపడక తేనెపట్టులా రంధ్రాలే వస్తాయి, కొత్త జాతి దొరికిందని సంబరపడతారు. అడ్డంగా, నిలువుగా పది కోతలైనా చూసి బయటి వ్యాసం, లోపలి వ్యాసం, వరసల మధ్య దూరం, వరసకు ఎన్ని కొమ్మలో కొలిచాకే పేరు జోలికి వెళ్లండి.